కరువు పనికి అర్హులెవరు?

(ఊరి బయటి చరిత్ర – 11)

కిందటి భాగంలో వెట్టి గురించి రాశాను. కూలి లేని పని అది. ఈ భాగం కూలి ఇచ్చే పని గురించి. సర్కారు తన డబ్బుతో పేదలకు పెట్టే పని గురించి. ఆ పనికి ఎవరు తగినవాళ్ళు, ఎవరు కాదు అని నూట యాభై ఏళ్ళుగా ఎవరెవరు ఎట్లా తేలుస్తూ వచ్చారో దాని గురించి. కొంచెం పొడుగవుతుంది. ఓపిక చేసుకొని చదవండి.

2023 ఎండాకాలంలో మా పెద్దమ్మ జాబ్ కార్డు పట్టుకొని మండల కేంద్రంలోని ఆఫీసుకు పోయినాం. ఆమెకు 2006 నుంచి కార్డు ఉంది. మూలలు చిరిగిపోయి, ఫోటో సగం చెరిగిపోయినా ప్లాస్టిక్ కవర్లో పెట్టి దేవుడి పటం వెనక దాచుకుంటుంది. ఆ ఏడాది మస్టర్లో ఆమె పేరు రాలేదు. మేట్‌ని అడిగితే ఫీల్డ్ అసిస్టెంట్‌ని అడగమన్నాడు. ఫీల్డ్ అసిస్టెంట్ ఆఫీసులో అడగమన్నాడు. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడు నంబరు కొట్టి చూసి, "పేరు తీసేసినారమ్మా" అన్నాడు. ఎందుకు తీసేసినారని అడిగాను. తెర మీద ఇంగ్లీషులో ఉన్నది చదివి తెలుగులో చెప్పాడు: "పని చేయడానికి ఇష్టం లేదు."

పెద్దమ్మకు మొదట అర్థం కాలేదు. రెండోసారి చెప్పించుకుంది. తర్వాత అడిగింది: "నన్నడక్కుండా నాకిష్టం లేదని ఎట్లా రాసుకుంటారు నాయనా?"

ఆ కుర్రాడి దగ్గర జవాబు లేదు. అతను రాసింది కాదు కూడా. నాకూ ఆ రోజు జవాబు దొరకలేదు. ఈ భాగం ఆ ప్రశ్నకు నేను వెతుక్కున్న జవాబు.

*

ముందు మాట దగ్గర మొదలుపెడదాం. చట్టం పేరు జాతీయ గ్రామీణ ఉపాధి హామీ. పేపర్లలో ఉపాధి హామీ అంటారు. మా మాదిగ గేరిలో ఇప్పటికీ "కరువు పనికి పోతున్నాం" అంటారు. వానలు పడి చెరువు నిండిన ఏడాది కూడా అది కరువు పనే. రాయలసీమలోనే కాదు, తెలంగాణ పల్లెల్లో కూడా ఈ మాట వింటారు. చదువుకున్నవాళ్ళకు ఇది పొరపాటుగా తోస్తుంది. పొరపాటేమీ కాదు. ఆ పని ఎక్కడ పుట్టిందో మనవాళ్ళ నోరు మరిచిపోలేదు.

1876లో వానలు పోయాయి. 1877లోనూ పోయాయి. మన పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. అనంతపురం అప్పటికి విడి జిల్లా కాదు, బళ్ళారిలో భాగం, 1882లో విడిపోయింది. కర్నూలు జిల్లా జనాభా 1871 లెక్కకూ 1881 లెక్కకూ మధ్య సుమారు నాలుగోవంతు తగ్గిపోయింది. పెరగాల్సిన పదేళ్ళలో తగ్గింది. చచ్చినవాళ్ళలో ఎవరు ముందు చచ్చి ఉంటారో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. భూమి లేనివాడికి కరువు వచ్చిన మొదటి నెలలోనే కూలి పోతుంది. కూలి పోయిన రోజే అన్నం పోతుంది. అమ్ముకోవడానికి ఎద్దు లేదు, కుదువ పెట్టడానికి నగ లేదు, అప్పిచ్చేవాడు గడప తొక్కనివ్వడు.

మద్రాసు ప్రభుత్వం మొదట్లో రోడ్ల పనులు, చెరువు పనులు, కాలువ పనులు తెరిచింది. జనం లక్షల్లో వచ్చారు. మద్రాసులో అడయారునూ కూవం నదినీ కలిపిన బకింగ్‌హాం కాలువ ముక్క ఆ కరువు కూలీలు తవ్విందే. అప్పటి గవర్నర్ పేరు దానికి పెట్టారు. తవ్వినవాళ్ళ పేరు ఎవరికీ తెలియదు.

ఖర్చు పెరుగుతోందని కలకత్తాలోని పెద్ద సర్కారుకు కోపం వచ్చింది. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని మద్రాసు పంపింది. ఈయన సంగతి కొంచెం తెలుసుకోవాలి. మూడేళ్ళ ముందు, 1873–74లో బీహారులో కరువు వస్తే ఈయనే బియ్యం తెప్పించి పంచి, చావులు చాలా తక్కువగా ఉండేట్టు చూశాడు. దానికి మెచ్చుకోలు రాలేదు. దుబారా చేశావని తిట్లు పడ్డాయి. జనాన్ని బతికించినందుకు మాట పడినవాడు మద్రాసుకు వచ్చేటప్పటికి మారిపోయి వచ్చాడు. ఈసారి ఖర్చు తగ్గించి చూపించాలి.

ఎట్లా తగ్గించాడు? అర్హత పెట్టాడు.

ముందు, పేర్లు ఏరివేశాడు. నిజంగా అవసరం లేనివాళ్ళు పనుల్లో చేరిపోయారని చెప్పి లక్షల మందిని పనుల నుంచి పంపించేశాడు.

తర్వాత దూరం. ఇంటికి 10 మైళ్ళ లోపల పని ఇవ్వకూడదు. అంటే 16 కిలోమీటర్ల అవతల, శిబిరంలో ఉండి పని చేయాలి. నిజంగా ఆకలైనవాడే అంత దూరం వస్తాడు, కాబట్టి దూరమే పరీక్ష అన్నారు. తిండి లేక నడవలేనివాడు రాలేకపోతే? వాడికి అంత అవసరం లేదన్నమాట.

మూడోది కూలి. మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద కొద్దిపాటి చిల్లర. ఒక పౌను అంటే సుమారు 450 గ్రాములు. అంతకు ముందు మద్రాసు ఇచ్చింది ఒకటిన్నర పౌను లెక్కన. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఈ తిండితో మట్టి పని చేసే మనిషి బతకడని గట్టిగా రాశాడు. పోట్లాడాడు. కొన్ని నెలలకు మద్రాసు కూలి మళ్ళీ పెంచింది. ఆ కొన్ని నెలల్లో పోయిన ప్రాణాలు పోయాయి.

ఈ మూడింటి వెనక ఉన్న నమ్మకం ఒక్కటే. పని సుఖంగా ఉంటే సోమరులు ఎగబడతారు. కాబట్టి పనిని చేదుగా చేయాలి. చేదు మింగినవాడే అర్హుడు.

*

1880లో కరువు కమిషన్ నివేదిక ఇచ్చింది. దాని వెంట కరువు నియమావళులు వచ్చాయి. టెంపుల్ కూలి చెడ్డపేరు తెచ్చుకుంది కాబట్టి ఆకలి చావులు రాకుండా చూడడం ప్రభుత్వ బాధ్యత అని ఒప్పుకున్నారు. అది చిన్న సంగతేమీ కాదు. కానీ పరీక్ష మాత్రం ఉంచారు. ఒళ్ళు వంగేవాడు మట్టి తవ్వాలి, రాయి కొట్టాలి. కొలత ప్రకారం పని, బతకడానికి సరిపడా మాత్రమే కూలి.

ఆ నియమావళుల్లో ఒక ఏర్పాటు మన చరిత్రకారులు ఎక్కువగా మాట్లాడరు. పరువుగల కుటుంబాల ఆడవాళ్ళు, ఆచారం ప్రకారం బయటికి రానివాళ్ళు, వాళ్ళకు ఇంటి దగ్గరే సాయం అందించాలి. పని చేయించకూడదు. నేతగాళ్ళకు వాళ్ళ వృత్తిలోనే పని ఇవ్వడానికి వీలుంది. వీటిని నేను తప్పు పట్టడం లేదు. ఆకలితో ఉన్న ఏ మనిషికి తిండి అందినా మంచిదే. కానీ చూడండి. గోషాలో ఉన్నామె ఆకలి నిజమేనని నమ్మడానికి ఆమె మాట చాలు. మాల మాదిగ ఆడమనిషి ఆకలి నిజమేనని నమ్మాలంటే ఆమె ఎండలో రాళ్ళు మోసి చూపించాలి. ఒకరికి పరువే అర్హతా పత్రం. ఇంకొకరికి చెమటే అర్హతా పత్రం.

కిందటి భాగంలో చెప్పుకున్న వెట్టిని పక్కన పెట్టి చూస్తే సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. కరణానికి కబురు మోయాలన్నా, దొర వస్తే మూటలు మోయాలన్నా, చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవాలన్నా మనల్ని ఎవరూ అర్హత అడగలేదు. పుట్టడమే చాలింది. కూలి లేని పనికి పుట్టుకతోనే అర్హులం. కూలి ఇచ్చే పని వచ్చేసరికి మనం సోమరులేమో అని అనుమానం పుట్టింది. ఊరంతటికీ పని చేసిపెట్టిన కులాల మీద సోమరితనం అనే అనుమానం ఎట్లా పడిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

*

స్వాతంత్ర్యం వచ్చింది. రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది. 41వ అధికరణంలో పని హక్కు గురించి రాసింది. అయితే మొదటిది ప్రాథమిక హక్కు, కోర్టుకు పోవచ్చు. రెండోది ఆదేశిక సూత్రం, ప్రభుత్వ శక్తి మేరకు, కోర్టుకు పోలేం. పని హక్కు కాదు కాబట్టి పథకం అయింది. పథకం అంటే దయ. దయకు ఎప్పుడూ ఒక జాబితా ఉంటుంది.

1977లో పనికి ఆహారం. 1980లో ఎన్.ఆర్.ఇ.పి. 1983 ఆగస్టు 15న ఆర్.ఎల్.ఇ.జి.పి., భూమి లేని ప్రతి ఇంట్లో కనీసం ఒకరికి ఏడాదికి 100 రోజుల దాకా పని ఇవ్వాలన్నది దాని లక్ష్యం. 1989లో ఆ రెంటినీ కలిపి జవహర్ రోజ్‌గార్ యోజన. 1993 అక్టోబర్ 2న ఉపాధి భరోసా పథకం, వెనకబడిన బ్లాకుల్లో, వ్యవసాయ పని లేని కాలంలో, కుటుంబానికి ఇద్దరికి మించకుండా 100 రోజులు. 2001లో సంపూర్ణ గ్రామీణ రోజ్‌గార్ యోజన, కూలిలో కొంత భాగం ధాన్యం రూపంలో. ఇంచుమించు ప్రతి దానిలోనూ దళితులకు, ఆదివాసులకు, విడిపించిన వెట్టి కూలీలకు మొదటి ప్రాధాన్యం అని రాసి ఉంది.

రాసి ఉంది, నిజమే. కానీ ఎవరు భూమి లేనివాళ్ళో, ఎవరు మరీ పేదలో తేల్చే జాబితా ఎక్కడ తయారవుతుంది? ఊళ్ళో. ఊళ్ళో ఎవరి అరుగు మీద? ఆ అరుగు మనం ఎక్కలేనిది. పనులు కాంట్రాక్టరువి. కాంట్రాక్టరు ఊరి పెద్ద కొడుకో అల్లుడో. కాగితం మీద మొదటి ప్రాధాన్యం ఉన్నవాడు మస్టర్లో వేలిముద్రగా మాత్రమే ఉండేవాడు.

2002లో నేను స్కూల్లో ఉన్నాను. మా ఊరి చెరువు పూడిక పనికి ఆహారం కింద తీశారని కాగితాల్లో ఉంది. తీసింది రాత్రిపూట వచ్చిన పొక్లెయిన్. మా చిన్నాయన వేలిముద్ర మస్టర్లో ఉంది. ఇంటికి ఒక్క బస్తా బియ్యం కూడా రాలేదు. అడగడానికి పోతే, "మీ పేర్లు రాసుకున్నామంటే మీకు మర్యాద ఇచ్చినట్టే గదరా" అన్నాడట కాంట్రాక్టరు. చిన్నాయన నవ్వుతూ చెప్పేవాడు ఆ మాట. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

ఈ మధ్య కాలంలో రెండు విషయాలు మాత్రం దారి చూపించాయి. ఒకటి మహారాష్ట్ర. 1972–73 కరువులో మొదలైన ఉపాధి హామీ పథకాన్ని ఆ రాష్ట్రం చట్టం చేసింది. అది 1979 జనవరి 26 నుంచి అమలైంది. అడిగిన పెద్దవాళ్ళెవరికైనా పని అన్నది దాని మూలసూత్రం. రెండోది 1983లో సుప్రీం కోర్టు తీర్పు, సంజిత్ రాయ్ కేసు. రాజస్థాన్‌లో కరువు పనుల కూలీలకు కనీస వేతనం ఇవ్వక్కర్లేదని ఆ రాష్ట్రం ఒక చట్టం పెట్టుకుంది. కోర్టు చెప్పింది: కరువు పని అయినా సరే, కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకుంటే అది 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే. అంటే కరువు పనిలో దాక్కున్న వెట్టిని దేశపు పెద్ద కోర్టు పేరు పెట్టి పిలిచింది. టెంపుల్ కూలికి 106 ఏళ్ళ తర్వాత అందిన జవాబు ఇది.

*

2005లో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం చేసింది. 2006 ఫిబ్రవరి 2న మా అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ దాన్ని ప్రారంభించారు. మొదట 200 జిల్లాలు, 2008 ఏప్రిల్ నాటికి గ్రామీణ భారతం అంతా.

ఆ చట్టంలో అర్హత ఏమిటో ఒకసారి చదవండి. పల్లెలో నివాసం. పద్దెనిమిదేళ్ళు నిండాలి. నైపుణ్యం అక్కర్లేని ఒంటి పని చేయడానికి ఇష్టపడాలి. అంతే. కులం సర్టిఫికెట్ లేదు. ఆదాయం సర్టిఫికెట్ లేదు. తెల్ల కార్డు ఉందా, సెంటు భూమి ఉందా అన్న ప్రశ్న లేదు. సర్పంచ్ సంతకం కోసం అరుగు దగ్గర నిలబడే పని లేదు. ఇష్టం ఒక్కటే అర్హత. ఆ ఇష్టం చెప్పాల్సింది కూలీ. అడిగిన 15 రోజుల్లో పని ఇవ్వకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. పని ఊరికి 5 కిలోమీటర్ల లోపల ఉండాలి, అంతకు మించితే కూలి మీద పది శాతం అదనం. 16 కిలోమీటర్లు నడిచి రా, అప్పుడు నీ ఆకలి నమ్ముతాను అన్న సర్కారు, 129 ఏళ్ళ తర్వాత 5 కిలోమీటర్లు దాటించి నడిపిస్తే నాదే తప్పు అని ఒప్పుకుంది.

మన కార్యకర్తల్లో కొందరు అప్పుడు అడిగారు, ఇందులో దళితులకు ప్రత్యేకంగా ఏముందని. నేనూ అడిగినవాణ్ణే. తర్వాత నాకు అర్థమైంది. ఎవరు అర్హులో ఊరు తేల్చే అధికారాన్ని తీసేయడమే మనకు దక్కిన ప్రత్యేకం. జాబితా లేకపోతే జాబితా రాసేవాడు ఉండడు. తలుపు అందరికీ తెరిచి ఉంటే కాపలావాడికి పని ఉండదు.

అందరికీ తెరిచిన పనిలోకి ఎవరు వచ్చారు? ఎండలో మట్టి మోయాల్సిన అవసరం ఎవరికుందో వాళ్ళే. మాల మాదిగలు వచ్చారు, ఎరుకల, సుగాలీలు వచ్చారు, వడ్డెరలు, బోయలు, చాకళ్ళు వచ్చారు. రెడ్ల ఇళ్ళల్లో చితికిపోయినవాళ్ళూ వచ్చారు. మన రాష్ట్రాల్లో పనికి వచ్చినవాళ్ళలో సగానికి పైగా ఆడవాళ్ళే. ఆడమనిషికీ మగమనిషికీ ఒకే రేటు అని రాసి ఉన్న పని మా ఊళ్ళో అదే మొదటిది. మా పెద్దమ్మ పేరు మీద పోస్టాఫీసు పాసుబుక్కు వచ్చింది. ఆమె పేరు మీద వచ్చిన మొదటి పుస్తకం అది.

ఇంకో ఏర్పాటు ఉంది. ఉమ్మడి పనులే కాకుండా, దళితుల, ఆదివాసుల, భూసంస్కరణల్లో భూమి పొందినవాళ్ళ సొంత చేలల్లో కూడా పని చేయొచ్చు. డి.కె.టి. పట్టా కింద మనకిచ్చిన రాళ్ళ గుట్టల్లో రాళ్ళు ఏరడం, కట్టలు వేయడం, బావి తవ్వడం. తరతరాలుగా ఊరివాళ్ళ పొలాలను బాగు చేసిన చేతులు సర్కారు కూలితో తమ పొలాన్ని బాగు చేసుకోవచ్చు. 2009లో చిన్న, సన్నకారు రైతులందరినీ ఇందులో చేర్చారు. వాళ్ళకూ కావాలి, కాదనను. కానీ వరుస పెరిగాక మనం వరుసలో ఎక్కడికి జరిగామో మన ఊళ్ళో పనుల జాబితా తీసి చూసుకోండి.

కూలి దగ్గర కూడా గొడవ అయింది. 2009 జనవరిలో కేంద్రం ఉపాధి కూలిని కనీస వేతనం నుంచి విడదీసి రోజుకు 100 రూపాయల దగ్గర బిగించింది. వ్యవసాయ కూలీల సంఘం కోర్టుకు పోతే అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నోటిఫికేషన్ అమలును ఆపింది. కూలీలు ఏ తీర్పును ఆసరా చేసుకున్నారో మీరు ఊహించే ఉంటారు. 1983 నాటి రాజస్థాన్ తీర్పే.

*

చట్టంలో లేని అర్హతలు కొన్ని ఉంటాయి. అవి కూడా రాయకపోతే ఇది సగం చరిత్రే.

పని దగ్గర నీళ్ళు పోసే మనిషికి కూడా కూలి ఉంది. వయసు మీదపడినవాళ్ళకు, తట్ట మోయలేనివాళ్ళకు ఇచ్చే పని అది. మా ఊళ్ళో అన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ పని గేరి మనిషికి రాలేదు. ఎవరూ వద్దని అనలేదు. అడిగితే, "నీళ్ళు మిగిలిపోతాయి కదమ్మా" అన్నారు. అంటే మనం పోస్తే తాగరు. శ్రమశక్తి సంఘాలు కట్టినప్పుడు గేరి గుంపు వేరు, ఊరి గుంపు వేరు అయింది. గట్టి నేల గేరి గుంపుకు, మెత్తటి నేల ఊరి గుంపుకు. కొలత ఇద్దరికీ ఒకటే. కాబట్టి కూలి మనకు తక్కువ పడుతుంది. పుస్తకంలో చూస్తే మనం తక్కువ పని చేసినట్టు కనిపిస్తుంది. సోమరులు అన్న పాత మాటకు కొత్త లెక్క దొరుకుతుంది.

"ఉపాధి హామీ వచ్చి కూలోళ్ళు చెడిపోయినారు" అనే మాట మీరందరూ విని ఉంటారు. బస్సులో, టీ కొట్టు దగ్గర, టీవీలో. దాన్ని మామూలు తెలుగులోకి మారిస్తే, మునుపటి కూలికి రావడం లేదు అని అర్థం. పిలిచినప్పుడు రావడం లేదు అని అర్థం. వద్దు అనగలిగే స్థితి మనవాళ్ళకు మొదటిసారి వచ్చింది. దాన్నే చెడిపోవడం అంటున్నారు.

*

ఇక పెద్దమ్మ ప్రశ్న దగ్గరికి వద్దాం.

2022–23 ఒక్క ఏడాదిలో దేశం మొత్తం మీద 5 కోట్ల 18 లక్షలకు పైగా కూలీల పేర్లు ఉపాధి హామీ నుంచి తొలగించారు. ఇది లోక్‌సభలో ప్రభుత్వమే ఇచ్చిన లెక్క. అంతకు ముందు ఏడాది ఆ సంఖ్య కోటిన్నర లోపు. ఒక్క ఏడాదిలో మూడు రెట్లు దాటింది. చనిపోయినవాళ్ళు, వలస పోయినవాళ్ళు, నకిలీ కార్డులు, పల్లె పట్టణంలో కలవడం, పని చేయడానికి ఇష్టం లేకపోవడం, ఇట్లా కారణాల జాబితా కంప్యూటర్లో ముందే ఉంటుంది. అందులో ఒకటి నొక్కాలి.

ఇదే కాలంలో కూలీలందరి కార్డులనూ ఆధార్‌తో కలపాలని పైనుంచి ఒత్తిడి. ఆధార్ ఆధారంగానే కూలి చెల్లించాలన్న నిబంధన 2024 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. వందమంది కూలీల్లో ఎనభై మందికి ఆధార్ కలిసింది అనుకోండి. అది ఎనభై శాతం. మిగతా ఇరవై మందికి కలపాలంటే ఒక్కొక్కరి ఇంటికి పోవాలి, కార్డులో ఇంటిపేరు తప్పు దిద్దాలి, వేలిముద్ర పడని ముసలామెను రెండుసార్లు తిప్పాలి. ఆ ఇరవై పేర్లు తీసేస్తే ఇవాళే నూరు శాతం. కింది ఉద్యోగి మీద కోపం తెచ్చుకోవడం తేలిక. అతని చేత నూరు శాతం అడిగిందెవరు? ఆధార్ కలవలేదని కార్డు తీసేయకూడదని కేంద్రమే చెప్పింది. అందుకే కారణం గడిలో ఆధార్ అని ఉండదు. ఇష్టం లేదు అని ఉంటుంది.

ఈ మోసం ఎంత లోతైనదో గమనించండి. చట్టం కూలీ ఇష్టాన్ని ఒక్కదాన్నే అర్హత చేసింది. దాన్ని దెబ్బకొట్టాలంటే కొత్త అర్హత పెట్టక్కర్లేదు. ఆమె ఇష్టాన్ని ఆమె బదులు ఇంకొకరు రాసేస్తే చాలు. టెంపుల్ కనీసం మనిషిని చూసి తీసేశాడు.

2023 జనవరి 1 నుంచి పని దగ్గర రోజుకు రెండుసార్లు ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాలి. సిగ్నల్ లేని గుట్ట మీద ఫోటో ఎక్కకపోతే చేసిన పని చేయనట్టే. పొద్దున పదింటికే కొలత పూర్తి చేసినవాళ్ళు రెండో ఫోటో కోసం ఎండలో కూర్చోవాలి. 2021లో అయితే కూలి డబ్బును ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అని మూడు ఖాతాలుగా విడగొట్టి పంపారు. ఒకే గుంతలో మట్టి తీసినవాళ్ళకు వేర్వేరు రోజుల్లో డబ్బు పడితే ఊళ్ళో ఏమవుతుందో ఢిల్లీకి తెలియకపోవచ్చు. మనకు తెలుసు. తర్వాత దాన్ని వెనక్కి తీసుకున్నారు. మాటలు మాత్రం పడినవాళ్ళు పడ్డారు.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. దొంగ కార్డులు లేవా? ఉన్నాయి. చచ్చినవాళ్ళ పేరున కూలి తీసుకున్నవాళ్ళు ఉన్నారు. ఊళ్ళో లేనివాడి పేరున మస్టర్లు నడిచాయి. అయితే వాటిని పట్టుకునే పద్ధతి రాజస్థాన్‌లో పుట్టి మన రాష్ట్రంలో పెరిగింది. సామాజిక తనిఖీ. ఊరి పిల్లలు రికార్డు పట్టుకొని ఇంటింటికీ తిరిగి, చివరికి సభలో పేరు పేరునా చదువుతారు. "ఫలానా ఆమె ముప్పై రోజులు పని చేసిందని ఉంది, నిజమేనా అమ్మా?" ఆమె లేచి చెబుతుంది, అవునో కాదో. దొంగ పేరు బయటపడేది అక్కడ. నిజమైన పేరు నిలబడేదీ అక్కడే. అందులో తేడా ఏమిటంటే, ఆమెను అడుగుతారు. మార్గదర్శకాలు కూడా కార్డు తీసేయడానికి ముందు విచారణ జరగాలని, గ్రామసభ ముందు పెట్టాలని చెబుతున్నాయి. మా ఊళ్ళో ఆ ఏడాది పేర్ల తొలగింపు గురించి గ్రామసభ జరిగినట్టు గేరిలో ఒక్కరికీ తెలియదు.

*

2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టాన్నే మార్చేసి కొత్త చట్టం తెచ్చింది. వికసిత్ భారత్ పేరుతో వచ్చింది. 100 రోజులు 125 అయ్యాయని అందరూ చెబుతున్నారు. ఆ 125 మీద ఒక్కటే మాట అడుగుతాను. విత్తనం, కోత కాలాల్లో ఏడాదికి 60 రోజుల దాకా పనులు ఆపే వీలు ఆ చట్టంలో ఉంది. ఎవరి అరుగు మీది కోరిక అది? పొలం పని ఉన్నప్పుడే కూలి బేరం ఆడగలిగేది. సరిగ్గా ఆ రోజుల్లో రెండో దారి మూసేస్తే, మొదటి దారిలో ఎంతిస్తే అంత తీసుకోవాలి. వద్దు అనగలిగే రోజుల్లోంచి అసలైన అరవై రోజులు తీసి, వేరేచోట పాతిక రోజులు కలిపారు. ఖర్చులో నలభై శాతం రాష్ట్రం పెట్టుకోవాలి అన్నది ఇంకో సంగతి. డబ్బు తక్కువైనప్పుడు అర్హత కఠినం అవుతుందని 1877 నుంచీ చూస్తున్నాం.

నూట యాభై ఏళ్ళలో పరీక్ష మారుతూ వచ్చింది. దూరం, ఆకలి, జాబితా, వేలిముద్ర, ఫోటో. పరీక్ష రాసేవాళ్ళు మారలేదు. మార్కులు వేసేవాళ్ళూ పెద్దగా మారలేదు. మధ్యలో కొన్నేళ్ళు మాత్రం, నాకు పని కావాలి అని మా పెద్దమ్మ చెబితే ఆ మాట చాలింది. ఆ కొన్నేళ్ళ విలువ మనం మనవళ్ళకు చెప్పాలి. ఎందుకంటే దాన్ని ఎవరూ పాఠ్యపుస్తకంలో రాయరు.

పెద్దమ్మ కార్డు మళ్ళీ వచ్చింది. ఆరు నెలలు పట్టింది. మూడుసార్లు రాతపూర్వకంగా అర్జీ పెట్టి, ప్రతిసారీ తేదీ వేసిన రసీదు అడిగి తీసుకున్నాం. మొదటిసారి రసీదు ఇవ్వమన్నారు. కదలకుండా కూర్చున్నాం. ఆ ఆరు నెలలు ఆమె ఊరి పొలాల్లో ఇచ్చినంత కూలికి పోయింది. గేరిలో అట్లా పేరు పోయినవాళ్ళు ఇంకా పదకొండు మంది తేలారు. వాళ్ళలో ఇద్దరు అర్జీ పెట్టడానికి రాలేదు. "ఎందుకులే నాయనా, మళ్ళా వాళ్ళ కాళ్ళ దగ్గరికి" అన్నారు. ఆ ఇద్దరి పేర్ల ఎదురుగా కంప్యూటర్లో ఇప్పటికీ ఇష్టం లేదు అనే ఉంది.

మీ వాడలో కూర్చొని కార్డులన్నీ ఒకచోట పెట్టి చూడండి. ఎవరి పేరు పోయిందో, ఏ కారణం రాశారో కాగితం మీద రాసుకోండి. పోయినవాళ్ళందరూ కలిసి ఒకే రోజు అర్జీ పెట్టండి. రసీదు లేకుండా లేవకండి. చట్టం పేరు మారినా ఈ కాగితాలు పనికొస్తాయి. మన ఇష్టాన్ని మనమే చెప్పామని సాక్ష్యం అది.

వచ్చే భాగంలో డి.కె.టి. పట్టాల సంగతి రాస్తాను. ఇచ్చిన భూమి ఎట్లా ఇచ్చారో, ఎట్లా తిరిగి తీసుకున్నారో చూద్దాం.

జై భీమ్.